దగ్గు సంగతి ముందు, మీటింగ్ సంగతి తర్వాత

ప్రశ్న: నా వయసు 34. మా ఆయన పోయి ఐదేళ్లయింది. నాకూ హెచ్‌ఐవీ ఉందని అప్పుడే తెలిసింది. ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే చోట) ఇచ్చే మాత్రలు వాడేదాన్ని. అత్తగారింట్లో నా కంచం, గ్లాసు వేరు. మాత్రలు వాడేవాళ్లంతా నెలకోసారి కలుస్తారట, నన్నూ రమ్మంటున్నారు. మా ఊరివాళ్లు ఎవరైనా చూస్తే? వెళ్తే లాభం ఉంటుందా? రెండు నెలలుగా మాత్రలు ఆపి నాటు మందు తాగుతున్నాను. మూడు వారాల నుంచి దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. - ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: దగ్గు సంగతి చివర్లో మాటవరసకి రాశారు గానీ, నాకు ముందు కనబడింది అదేనమ్మా. హెచ్‌ఐవీ ఉన్నవారికి దగ్గు వస్తే, అది ఎన్నాళ్ల నుంచైనా సరే, టీబీ కాదని తేలేదాకా మేం వదలం. మిమ్మల్ని చూడకుండా టీబీయేనని నేను చెప్పలేను. రేపే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి. కళ్లె పరీక్ష, ఎక్స్‌రే ఉచితంగానే చేస్తారు.

అన్నేళ్లు వాడి ఎవరో చెప్పారని ఆపేస్తారా? మాత్ర మానితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఆపుతూ వేసుకుంటూ ఉంటే మందుకి లొంగకుండా పోతుంది. ఆ నాటు మందులో ఏముందో నాకు తెలియదు, కొన్నిటిలో స్టెరాయిడ్లు కలుపుతారు. అలాగని ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరే మొదలుపెట్టకండి. ఒకవేళ టీబీ మందులు కూడా వాడాల్సి వస్తే హెచ్‌ఐవీ మాత్రల్లో ఉండే డొలుటెగ్రవిర్ అనే మందు మోతాదు మార్చాలి. అది అక్కడి డాక్టరే చూస్తారు.

ఇక మీటింగ్. వెళ్లండి. అక్కడ మిమ్మల్ని చూసేవాళ్లూ ఆ మాత్రలు మింగేవాళ్లే, వాళ్ల భయమూ మీ భయమే. గుట్టు బయటపడదని నేను హామీ ఇవ్వలేను. అంత జంకుగా ఉంటే పక్క ఊళ్లో జరిగేదానికి వెళ్లండి, లేదా ముందు ఒక్కరినే పరిచయం చేయమని కౌన్సెలర్‌ని అడగండి. నా దగ్గరికొచ్చే ఒకావిడ, సీసా గలగలమంటే అత్తగారు వింటుందని మాత్రలు ఎగ్గొట్టేది. నేను ఎన్నిసార్లు కోప్పడినా లాభం లేకపోయింది. మీటింగ్‌లో ఇంకొకావిడ తన సంచిలోంచి సీసా తీసి, ఊపి చూపించిందట. చప్పుడు లేదు. లేబుల్ పీకేసి పైన దూది కుక్కింది. మెడికల్ కాలేజీలో ఇది మాకెవరూ చెప్పలేదు. నాటు మందుకి డబ్బు తగలేసి మంచాన పడి లేచినవాళ్లు కూడా అక్కడ కనబడతారు. రెండు నెలల కిందట వాళ్లలో ఒక్కరు మీకు తగిలి ఉంటే బాగుండేది.

కంచం, గ్లాసు వల్ల ఇది అంటదు. హెచ్‌ఐవీ ఉందని ఆడవాళ్లను ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని 2017 చట్టం ఉంది. గొడవైతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పిల్లలున్నారో లేదో రాయలేదు. ఉంటే వాళ్లకీ పరీక్ష చేయించండి. రేపు వెళ్లేటప్పుడు ఏఆర్‌టీ పుస్తకం, మిగిలిన మాత్రలు, ఆ నాటు మందు సీసా కూడా సంచిలో వేసుకెళ్లండి.