ప్రాసెసర్లు మార్చాక సర్వర్ ఆన్ కాలేదు.. ఈ రంగంలో కొనసాగాలా, వద్దా?

ప్రశ్న: సార్, నేను డిప్లొమా చివరి సంవత్సరం అమ్మాయిని. ఇంటర్న్‌షిప్ కోసం ఒక సర్వర్ గదిలో పనిచేస్తున్నాను. రెండు ప్రాసెసర్లున్న పాత ర్యాక్ సర్వర్‌లో ఇంటెల్ జియాన్ ఈ5-2640 వీ3లు తీసేసి ఈ5-2690 వీ4లు పెట్టమన్నారు. సాకెట్ ఒకటేనని చూసుకున్నాకే పెట్టాను. పవర్ ఇస్తే ఫ్యాన్లు పెద్ద శబ్దంతో తిరిగాయి తప్ప స్క్రీన్ మీద ఏమీ రాలేదు. భయమేసి పాతవే మళ్లీ బిగించాను. సర్వర్ ఆన్ అయింది గానీ 128 జీబీ ఉండాల్సిన ర్యామ్ 112 జీబీ చూపిస్తోంది. ‘హార్డ్‌వేర్ నీ వల్ల కాదు’ అన్నారు సీనియర్. అంతా క్లౌడ్‌లోకి పోతోంది, ఇది వదిలేసి కోడింగ్ నేర్చుకో అంటున్నారు స్నేహితులు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ‘ర్యామ్ తగ్గింది’ అని రాసి ఊరుకోకుండా ఎంత ఉండాలో, ఎంత కనిపిస్తోందో అంకెలతో సహా రాశావు చూడు, అది నాకు బాగా నచ్చింది. లోపాన్ని అంత కచ్చితంగా చెప్పగలిగేవాళ్లు ఈ పనికి కావాలి. కాబట్టి మానేయమని నేను చెప్పను. ముందు అక్కడ ఏం జరిగిందో చూద్దాం. నీ కెరీర్ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

సాకెట్ చూసుకోవడం మంచి పనే. వీ3 చిప్‌లు 2014లో, వీ4 చిప్‌లు 2016లో వచ్చాయి. రెండూ ఎల్‌జీఏ 2011-3 సాకెట్‌లోనే కూర్చుంటాయి. కానీ చిప్ సాకెట్‌లో పట్టినంత మాత్రాన సర్వర్ దాన్ని గుర్తుపట్టాలని లేదు. గుర్తుపట్టాల్సింది బయోస్, అంటే సర్వర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్. ఆ ప్రాసెసర్‌కు కావాల్సిన మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు), మెమరీని సిద్ధం చేసే కోడ్ బయోస్‌లోనే ఉంటాయి. వీ4 రాకముందు నాటి బయోస్ మీద నడుస్తున్న సర్వర్‌కు వీ4 అంటే ఏమిటో తెలియదు. స్క్రీన్ ఖాళీగా ఉండటానికి నేను మొదట అనుమానించేది దీన్నే. పాత ప్రాసెసర్లు లోపల ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, సర్వర్ ఒకసారి మామూలుగా ఆన్ అయిందని చూసుకుని, ఆ తర్వాతే పవర్ కేబుల్ తీయాలి. కొన్ని సర్వర్లలో మేనేజ్‌మెంట్ కంట్రోలర్ (సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి బోర్డు మీద ఉండే చిన్న చిప్) ద్వారా, సర్వర్ ఆన్ కాకపోయినా బయోస్ ఎక్కించవచ్చు. అన్నింటిలో అది కుదరదు. సర్వర్ గదుల్లో పనిచేసిన రోజుల్లో నేనూ ఈ క్రమం తప్పాను. లోపం ర్యామ్‌లో ఉందనుకుని రాత్రంతా మాడ్యూళ్లు, అంటే ర్యామ్ కార్డులు, మారుస్తూ గడిపాను.

ఇక సాకెట్ పేరు దగ్గర కూడా జాగ్రత్త అవసరం. ఎల్‌జీఏ 2011, ఎల్‌జీఏ 2011-3 రెండింటిలోనూ పిన్నులు 2011 ఉన్నా, ఎల్‌జీఏ 2011లో కూర్చునే వీ2 చిప్ నీ సర్వర్‌లో పనిచేయదు. గాట్లు వేరు, మెమరీ వేరు. అది డీడీఆర్3, ఇది డీడీఆర్4. ఏఎండీ వైపు ఇంకో చిక్కుంది. కొందరు సర్వర్ తయారీదారులు తమ మెషీన్‌లో పెట్టిన ఎపిక్ ప్రాసెసర్‌ను ఆ కంపెనీ ఫర్మ్‌వేర్‌కే (బయోస్ లాంటి లోపలి సాఫ్ట్‌వేర్‌కే) శాశ్వతంగా కట్టేస్తారు. అలాంటి చిప్ వేరే కంపెనీ బోర్డులో పెడితే బూట్ కాదు, చిప్ పాడవకపోయినా సరే. వాడిన ప్రాసెసర్లు కొనేవాళ్లు తప్పక అడిగి తెలుసుకోవాల్సిన సంగతి ఇది. అమ్మకానికి ముందు పరీక్షల కోసం తయారుచేసిన ఇంజినీరింగ్ శాంపిళ్లు కూడా వాడిన చిప్‌లలో కలిసి వస్తుంటాయి. వాటిని బయోస్ ఒప్పుకుంటుందన్న భరోసా లేదు. చిప్ మూత మీద ఉన్న కోడ్ చదివి, ఇంటెల్ జాబితాతో పోల్చుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

వేడి సంగతి కూడా చూడాలి. 2640 వీ3 90 వాట్ల చిప్, 2690 వీ4 135 వాట్లది. నీ సర్వర్‌లో ఉన్న హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) తక్కువ వాట్ల చిప్ కోసం ఇచ్చిందైతే, బయోస్ అప్‌డేట్ చేశాక సర్వర్ చక్కగా ఆన్ అవుతుంది, పని పెరిగినప్పుడు మాత్రం వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఎవరూ హీట్‌సింక్‌ను అనుమానించరు, అప్‌గ్రేడ్ వృథా అంటారు. సర్వర్ మాన్యువల్‌లో ఎన్ని వాట్లకు ఏ హీట్‌సింక్, ఏ ఫ్యాన్ అన్న పట్టిక ఉంటుంది. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే ఆ పేజీ చదవాలి.

ఇప్పుడు నీ 112 దగ్గరికి వద్దాం. మాడ్యూళ్లు ఎన్నో నువ్వు రాయలేదు. 16 జీబీవి ఎనిమిది ఉన్నాయనుకుంటే, కనిపించకుండా పోయింది సరిగ్గా ఒక్కటి. ఈ5-2600 వరుసలో ఒక్కో ప్రాసెసర్‌కు నాలుగు మెమరీ చానళ్లు, అంటే ర్యామ్‌తో మాట్లాడే దారులు, ఉంటాయి. నాలుగేసి మాడ్యూళ్లు రెండు వైపులా సర్ది ఉంటే, ఒక చానల్ పోయిందన్నమాట. అంతకుముందు బాగానే ఉండి, ప్రాసెసర్ తీసి పెట్టాకే పోయింది కాబట్టి ముఖ్యంగా మూడు కారణాలు అనిపిస్తోంది: మాడ్యూల్ కాస్త కదిలి ఉండాలి, చిప్ అడుగున థర్మల్ పేస్ట్ (చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసేది) అంటి ఉండాలి, లేదా సాకెట్‌లో పిన్ వంగి ఉండాలి. ఈ సాకెట్లలో పిన్నులు చిప్‌కు ఉండవు, బోర్డుకే ఉంటాయి. చిప్‌ను కొంచెం వంకరగా దించినా వంగిపోతాయి.

ఊహించి ఏదీ కొనమనకు. మేనేజ్‌మెంట్ కంట్రోలర్ లాగ్‌లో ఏ స్లాట్ పేరు పడిందో చూడు. ఆ స్లాట్‌లోని మాడ్యూల్‌ను పక్క స్లాట్‌లోని దానితో మార్చు. లోపం మాడ్యూల్‌తో పాటు జరిగితే అది మాడ్యూల్‌దే. స్లాట్ దగ్గరే ఉండిపోతే రెండు ప్రాసెసర్లనూ ఒకదాని చోట ఒకటి పెట్టు. లోపం అవతలి వైపుకు పోతే చిప్ అడుగు భాగాన్ని శుభ్రం చేసి చూడాలి. అక్కడే ఉంటే సాకెట్ పిన్నులు చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిదీ రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే లోపం పోయినా ఎందుకు పోయిందో తెలియదు. హీట్‌సింక్ మళ్లీ బిగించేటప్పుడు పాత పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది వేసి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించు. ఒక వైపు ఒత్తిడి ఎక్కువైనా చానళ్లు పోవచ్చు.

మీ సీనియర్ మాట న్యాయంగా లేదు. బయోస్ వెర్షన్ చూశావా అని పని మొదలుపెట్టకముందు అడగాల్సింది ఆయనే. ఇంటర్న్‌కు ఒంటరిగా ఇవ్వాల్సిన పని కాదిది.

క్లౌడ్ వచ్చిందని సర్వర్లు మాయం కాలేదు, డేటా సెంటర్లలోకి చేరాయి. అక్కడ ఎవరో ఒకరు వాటిని విప్పాలి, లాగ్ చదవాలి. డేటా సెంటర్ టెక్నీషియన్, ఫీల్డ్ సర్వీస్ ఇంజినీర్ ఉద్యోగాలు ఇవే. షిఫ్టులు, బరువులెత్తడం, రాత్రి ఫోన్లు ఉంటాయి, అది దాచను. నాలుగైదేళ్లు విప్పడం, బిగించడం దగ్గరే ఆగిపోతే ఎదుగుదల కష్టం. అందుకే కోడింగ్ నేర్చుకోమన్న మీ స్నేహితుల మాటలో సగం తీసుకో. లినక్స్ కమాండ్ లైన్, పైథాన్ నేర్చుకో. ఎల్‌ఎస్‌సీపీయూ, డీఎంఐడీకోడ్, ఐపీఎంఐటూల్ అనే కమాండ్లు ఇచ్చే సమాచారాన్ని చదవడం అలవాటు చేసుకో. వంద సర్వర్ల బయోస్ వెర్షన్లు ఒకేసారి తీసుకొచ్చే చిన్న స్క్రిప్ట్ రాయగలిగితే సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ వైపు వెళ్లే దారి తెరుచుకుంటుంది. హార్డ్‌వేర్ వ్యాలిడేషన్, ఫర్మ్‌వేర్ టెస్టింగ్ వైపు కూడా వెళ్లవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే కాంప్‌టియా సర్వర్ ప్లస్ నీ స్థాయికి సరిపోతుంది.

లైసెన్స్ లెక్కలు కూడా నేర్చుకోమంటాను, టెక్నీషియన్లు వీటిని పట్టించుకోరు. నీ సర్వర్‌నే తీసుకో. పాత చిప్‌కు ఎనిమిది చొప్పున కోర్లు 16, కొత్తదానికి పద్నాలుగు చొప్పున 28. విండోస్ సర్వర్ లైసెన్స్ కోర్ల లెక్కన ఇస్తారు, సర్వర్‌కు కనీసం 16. అంటే 16 కోర్లకే తీసుకున్న పాత లైసెన్స్ ఈ అప్‌గ్రేడ్‌కు చాలదు. ఈ మాట ముందే చెప్పగలిగిన ఇంటర్న్‌ను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఇంటర్వ్యూలో ఈ ఘటనను దాచకు. క్రమం తప్పానని, 112 నుంచి వెనక్కి వెళ్లి లోపం ఇలా పట్టుకున్నానని చెప్పు. అలా చెప్పాలంటే ముందు దాన్ని పట్టుకోవాలి కదా, కాబట్టి రేపు అనుమతి తీసుకుని ఆ లాగ్ తెరువు. సాకెట్ దాకా వెళ్లాల్సి వచ్చి, నిజంగానే పిన్ వంగి కనిపిస్తే నువ్వు సరిచేయబోకు. టార్చ్ వేసి దగ్గరగా ఫొటో తీసి, నువ్వు రాసుకున్న నోట్స్‌తో పాటు సీనియర్‌కు చూపించు.