పాకం దగ్గర నిలబడటం

చిరంజీవి బుజ్జికి, పెద్దత్త ఆశీస్సులు.

వైజాగ్‌లో చేరి నెల తిరక్కుండానే "అత్తా, ఎక్స్‌రే డిటెక్టర్ చేస్తున్నా" అని ఫోన్‌లో అంటుంటే నాకెంత సంతోషమేసిందో. అయితే నాన్నా, ఓ ఆర్నెల్లు డిటెక్టర్ మాట ఎత్తకు. ముందు దానికి ఆధారమైన ఫిల్మ్, అదే పలుచటి లోహపు పొర, దాని సంగతి చూడు. ఫోన్‌లో చెబితే నువ్వు ఊఁ కొట్టి వదిలేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నా.

నాయనమ్మ అరిసెల పాకం పట్టడం చూశావుగా. నీళ్ళ గిన్నెలో చుక్క వేసి వేలితో నొక్కి చూసేది. తొందరపడితే జారిపోతుంది, ఆలస్యమైతే రాయవుతుంది. నీ డిటెక్టర్, అదే టీఈఎస్ (ట్రాన్సిషన్ ఎడ్జ్ సెన్సర్), బతికేదంతా ఆ మధ్య క్షణంలోనే. మాలిబ్డినం మీద బంగారం పరిచిన ఫిల్మ్‌ని 0.1 కెల్విన్ దగ్గర, అది సూపర్‌కండక్టర్‌గా మారి నిరోధం సున్నాకి పడిపోయే అంచు మీద నిలబెడతాం. ఈ మార్పునే ట్రాన్సిషన్ అంటాం. ఒక్క ఎక్స్‌రే ఫోటాన్ తగిలితే చాలు, పిసరంత వేడెక్కుతుంది, నిరోధం చివ్వున లేస్తుంది. ఐరన్-55 అనే రేడియోధార్మిక సోర్స్ ఇచ్చే ఎక్స్‌రేల్లో 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర పడే గీతని మామూలు సిలికాన్ డిటెక్టర్ వంద ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన వెడల్పుతో అలికేస్తుంది. మంచి టీఈఎస్‌లో అది రెండు మూడుకి దిగుతుంది. మొదటిసారి ఆ సన్నటి గీత చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

నియోబియం నైట్రైడ్ అనే సూపర్‌కండక్టర్ పట్టీతో ఆల్ఫా కణాల్ని పట్టుకున్నామని ఆండ్రూస్ బృందం చెప్పింది 1949లో. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఈ పని కుంటుతూనే నడిచింది, ఫిల్మ్‌ని అంచున నిలపడమే కష్టం మరి. 1995లో కెంట్ ఇర్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త కరెంటుకి బదులు వోల్టేజిని స్థిరంగా ఉంచాడు. వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, దాంతో వేడీ తగ్గుతుంది. మంటని తనంతట తానే తగ్గించుకునే పొయ్యి అన్నమాట! నోట్‌బుక్ తెరిచి ఈ లెక్క నీ చేత్తో ఒకసారి చేసుకో, పుస్తకంలో చదివితే సరిపోదు.

ఇక ఫిల్మ్. బంగారం ఎంత మందం, మాలిబ్డినం ఎంత మందం అన్నదాన్ని బట్టే ట్రాన్సిషన్ ఎక్కడ పడేదీ తేలుతుంది. అందుకని ప్రతి ముక్కకీ నాలుగు తీగలతో ఆర్-టీ కర్వ్, అంటే ఉష్ణోగ్రతతో నిరోధం ఎలా మారుతుందో చూపే గీత, తియ్యి, చల్లారేటప్పుడు ఒకసారి, వేడెక్కేటప్పుడు ఒకసారి. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే నువ్వు తొందరపడ్డట్టు, థర్మామీటర్ వెనకబడుతోంది. కర్వ్ నున్నగా జారకుండా మెట్టు మెట్టుగా దిగితే ఫిల్మ్ అంతా ఒకేలా లేదని అర్థం. దాని మీద డిటెక్టర్ కట్టకు, పక్కన పెట్టెయ్.

మన ఊరి గాలితో మాత్రం జాగ్రత్త. ఒక ఆగస్టులో అల్యూమినియం ఫిల్ములు మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, శనివారం టేబుల్ మీద వదిలి వెళ్ళాను. సోమవారం మైక్రోస్కోప్ కింద పెడితే అంచుల నిండా గుంటలు, ఉప్పు రాలినట్టు తెల్లటి చుక్కలు. ఫిల్మ్‌ని సర్క్యూట్‌కి కలిపే సన్నటి బాండింగ్ తీగ ఒక్కటీ అతకలేదు. మూడు వారాల పని పోయింది. ఫిల్ములు పొడిగా దాచే డెసికేటర్లో తేమ పీల్చే సిలికా జెల్ నీలంగా ఉందో గులాబీకి తిరిగిందో పొద్దున్నే చూసుకో. జోరుగా వాన పడే రోజు ఫిల్మ్ పరిచే స్పటరింగ్ చాంబర్ తెరవకు. గోడలకి పట్టిన తేమ పంపుకి ఓ పట్టాన లొంగదు. కొలతకి వేరే ఊరు పట్టుకెళ్ళేటప్పుడు గాలి తీసి సీల్ చేసిన కవర్లో పెట్టు, రైల్లో చేతి సంచీలోనే ఉంచుకో.

ఇంకోటి. ఒక రాత్రి నాకు అందమైన పల్సులు వచ్చాయి. గంతులేసి అందరికీ ఫోన్లు చేశాను. తెల్లారి సోర్స్ తీసేసి చూస్తే పల్సులు వస్తూనే ఉన్నాయి, మా బిల్డింగ్ లిఫ్ట్ మోటారు! అప్పట్నుంచి సోర్స్ మూసి తీసిన లెక్కే ముందు రాసుకుంటాను, తెరిచి తీసింది తర్వాత. నువ్వూ అంతే చెయ్యి.

ద్రవ నైట్రోజన్ పోసేటప్పుడు ఏసీ కోసమని తలుపు మూసుకోకు. అది ఆవిరై గదిలో ఆక్సిజన్‌ని తోసేస్తుంది, కళ్ళు తిరిగేదాకా తెలియదు. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా టెన్షన్.

మొదటి కర్వ్ రాగానే ఫోటో తీసి పంపు. ఆ రోజు గదిలో తేమ ఎంతుందో పక్కన రాయడం మర్చిపోకు.

మీ పెద్దత్త