పెనుకొండ నిధి: ఏనుగుల మీద వచ్చిన సొమ్ము

ప్రశ్న: పెనుకొండ కొండ దిగువన మాకు తాతల నాటి చేను ఉంది. రాక్షసి తంగడి (తళ్లికోట) యుద్ధం తర్వాత తిరుమలరాయలు ఏనుగుల మీద తెచ్చిన ధనాన్ని ఈ చుట్టుపక్కలే పాతిపెట్టారని మా ఊళ్లో చెప్పుకొంటారు. మా గట్టు మీద సూర్యచంద్రుల గుర్తులున్న రాయి ఒకటి ఉంది. అది నిధికి ఆనవాలని, డిటెక్టరుతో వెతికిపెడితే దొరికిన దాంట్లో సగం ఇవ్వాలని ఒకాయన మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక రైతు, పెనుకొండ ప్రాంతం, పూర్వపు అనంతపురం జిల్లా

జవాబు: మీ ఊరి మాటకు చరిత్రలో కొంత ఆధారం ఉంది. 1565 జనవరిలో విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు ఆ యుద్ధంలో హతుడయ్యాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు పేరుకు రాజైన సదాశివరాయలను, రాజభవనంలోని ధనాన్ని వెంటబెట్టుకొని విజయనగరం విడిచి పెనుకొండ చేరాడు. ఆ ధనం 550 ఏనుగుల మీద వచ్చిందన్న లెక్క 1900లో ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ సీవెల్ ప్రచురించిన విజయనగర చరిత్ర వల్ల అందరి నోటా పడింది. దారి పక్కన నిలబడి ఏనుగులను లెక్కపెట్టింది ఎవరో గానీ, ఆ సంఖ్యను కాస్త తగ్గించి చదువుకోవడమే మేలు. చెదిరిపోయిన సైన్యాన్ని కూడగట్టి, జీతాలిచ్చి, గుర్రాలు కొని, పెనుకొండను రాజధానిగా నిలుపుకొని, బీజాపూరు దాడులను కాచుకోవలసిన ఏలికకు తెచ్చిన బంగారం ఖర్చులకే చాలి ఉండదు. తర్వాత రాజధాని చంద్రగిరికి మారింది. ఖజానాను మరిచి వెళ్లే రాజులెవరూ ఉండరు.

యుద్ధకాలంలో సొమ్మును భూమిలో దాచుకోవలసిన అవసరం ఎక్కువగా మామూలు జనానిది. దండు వస్తోందని వినగానే వర్తకుడో పూజారో నాలుగు వరహాలు ముంతలో పోసి, మూతికి మట్టి మెత్తి, పొయ్యి కిందనో పునాదిలోనో పెట్టి పోయేవారు. తిరిగి రాలేనివారి ముంతలే ఎప్పుడో ఒకప్పుడు నాగలికి తగులుతాయి.

ఇక మీ రాయి. సూర్యచంద్రుల బొమ్మలు సాధారణంగా దానశాసనాల పైభాగంలో ఉంటాయి. ఇచ్చిన మాన్యం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, చెల్లాలని వాటి భావం. పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లుల మీద కూడా అవే గుర్తులుంటాయి గనుక, కింద కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉందేమో చూడండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ పక్కనుంచి చూస్తే, మధ్యాహ్నం కనిపించని అక్షరాల వరసలు తెలుగులోనో కన్నడంలోనో తేలవచ్చు. పొడి కుంచెతో దుమ్ము మాత్రమే తుడవండి, సున్నం గానీ పసుపు గానీ పూయకండి. మన సీమలో ఇలాంటి రాళ్లను, నందులను నిధి కోసం పగలగొట్టినవారు వాటితోపాటు ఊరి చరిత్రనూ పగలగొట్టారు.

చేతి డిటెక్టరు మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోకండి. చిన్న నాణెం అడుగు లోతు దాటితే దానికి అందడం కష్టం. ఇనుప ఖనిజం ఎక్కువగా ఉన్న ఎర్రనేలలో ఏమీ లేకపోయినా కూత పెడుతుంది, పాత లాడం తగిలినా కూత పెడుతుంది. ప్రభుత్వ అనుమతితోనే 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో తవ్వకాలు మొదలైనప్పుడు కూడా ఎముకలు, ఇటుకలు కనిపించాయి తప్ప నిధి కనిపించలేదు.

ఆయన అడిగే సగం మాటకు వస్తే, 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించినది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసి, సొమ్మును ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా తగిన హామీ ఇవ్వాలి. సొంతదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు కనుగొన్నవాడికి, మిగిలిన నాలుగో వంతు భూయజమానికి చెందుతాయి. తెలియజేయకుండా దాచినా, ఆనవాలు తెలియకుండా కరిగించినా ఆ వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. పైగా రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం గనుక, మీ చేను కోట గోడకు ఎంత దూరమో ముందు కొలిపించుకోండి. ఆయనతో ఒప్పందం చేసుకోవద్దు. రాయి ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి.

ప్రశ్న: కడపలో పాత ఇల్లు పడగొడుతుంటే గోడలో నాణేల చెంబు దొరికింది. భూమిలో దొరకలేదు కాబట్టి చెప్పనక్కరలేదా?

జవాబు: చెప్పాలి. భూమికి అంటిపెట్టుకొని ఉన్న కట్టడంలో దాచినది కూడా ఆ చట్టం దృష్టిలో నిధే. నాణేలను తోమకుండా, చెంబుతో సహా అప్పగించండి.