దావోకి తెలుగు మాట పెట్టేముందు

చిన్నీ,

లావోజీదని చెప్పే పాత చైనా పుస్తకం దావో దె జింగ్ మొదలుపెట్టా పెద్దమ్మా, ఒక్కో ట్రాన్స్‌లేషన్ ఒక్కోలా ఉంది, ఏది కరెక్టు అని అడిగావు కదా. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే రాస్తున్నా.

దావో అన్న ప్రతిచోటా నోట్‌బుక్‌లో బ్రహ్మం అని రాసుకుంటున్నా అన్నావు, ముందు అది కొట్టెయ్. నేనూ మొదట్లో అదే పని చేశా, రెండేళ్లు చదివినా మనకి తెలిసిన ఉపనిషత్తే మళ్లీ చదివినట్టుంది తప్ప లావోజీ మాట ఒక్కటీ నా చెవిన పడలేదు.

మొదటి వాక్యం ఆరు అక్షరాలే, దావో కె దావో ఫేయ్ ఛాంగ్ దావో, అందులో మూడు దావోలే. ఆ అక్షరానికి దారి అనీ అర్థం, చెప్పడం అనీ అర్థం, అంటే మన బాటా మాటా ఒక్కదాంట్లోనే ఉన్నాయన్నమాట. ఏది నామవాచకమో ఏది క్రియో చెప్పే ప్రత్యయం ఉండదు, ఉన్న చోటుని బట్టే తెలుసుకోవాలి. డుమువులు పట్టుకుని చదివే మనకి అది కంగారుగా ఉంటుంది, ఉండనీ.

స్కూల్లో చదివాం చూడు హ్యూయన్‌త్సాంగ్ అని, మన ధాన్యకటకం దాకా వచ్చినాయన, ఆయనకీ ఇదే చిక్కొచ్చింది. 647లో ఈ పుస్తకాన్ని సంస్కృతంలోకి మార్చమని చక్రవర్తి పురమాయిస్తే, దావోకి బోధి అని పెట్టమని దావో పండితులు పట్టుబట్టారు, ఆయన మాత్రం కుదరదు, మార్గం అనే పెట్టాలన్నాడు. నాకైతే ఆయన చేసిందే న్యాయం అనిపిస్తుంది, కానీ మార్గం అనగానే ఆ మాట సగం పోయింది కదా.

ఇంకోటి, పాత ప్రతుల్లో మనం పెట్టుకునే కామాలు ఫుల్‌స్టాప్‌లు ఉండవు. మొదటి అధ్యాయంలోనే వు, యు అని రెండు అక్షరాలు పక్కపక్కన వస్తాయి, కలిపి చదివితే కోరిక లేకుండా అని, వు దగ్గర ఆగితే లేకపోవడం అనేదే ఒక విషయం అయిపోతుంది. మూడో శతాబ్దపు వ్యాఖ్యాత వాంగ్ బి కలిపి చదివాడు, చాలా తర్వాత సోంగ్ వంశం కాలం నాటి వాంగ్ అన్‌షి విడగొట్టాడు. 1973లో మావాంగ్‌దుయ్ సమాధిలో పట్టుబట్ట మీద రాసిన ప్రతులు దొరికితే అందులో ఆ రెండిటి తర్వాత యే అనే చిన్న అవ్యయం ఉంది, అంటే అది రాసినవాళ్లు కలిపే చదివారు. మొదటి వాక్యంలో శాశ్వతం అనే అర్థమున్న ఛాంగ్ ఉండే చోట అందులో అదే అర్థమున్న హెంగ్ ఉంది, హెంగ్ అన్నది హాన్ చక్రవర్తి పేరు, ఆ పేరు రాయకూడదు కాబట్టి తర్వాతి ప్రతుల్లో మార్చేశారు. అందుకే ఒక్క ట్రాన్స్‌లేషన్ పట్టుకుని కూర్చోకు, కనీసం రెండు పక్కపక్కన పెట్టుకో, అవి ఎక్కడ విడిపోయాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు, నీ అసలు చదువు ఆ గీత దగ్గరే మొదలవుతుంది.

జువాంగ్‌జీ అనే ఇంకో దావో గురువు పుస్తకంలో చేప దొరికాక బుట్ట మర్చిపో, అర్థం దొరికాక మాట మర్చిపో అని ఉంటుంది, అది చెప్పి మాటలతో పనేముందిలే అనేవాళ్లు నీకు బోలెడుమంది తగులుతారు, వాళ్ల మాట వినకు తల్లీ, చేప ఇంకా దొరకలేదు కదా మనకి. పైగా ఆ వెంటనే ఆయన, మాటలు మర్చిపోయిన మనిషి ఎక్కడ దొరుకుతాడు, అతనితో మాట్లాడాలని ఉంది అంటాడు, అది ఎవరూ చెప్పరు.

మొత్తం 81 అధ్యాయాలు, వారానికొకటి చాలు. దసరాకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, నీ పెన్సిల్ గీతలు చూడాలని ఉంది.

మీ పెద్దమ్మ