వానంటే ఇష్టం సరే, లెక్కలంటే?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) చివరి సంవత్సరం చదువుతోంది. మేము ఎంసీఏ చేయమంటుంటే, తను వాతావరణ శాస్త్రంలో ఎంఎస్సీ చేస్తానని పట్టుబడుతోంది. ఉద్యోగాలు ఉంటాయా? – ఒక తండ్రి, బాపట్ల

జవాబు: ఉంటాయి, కానీ తక్కువ. అంతకంటే ముందు అమ్మాయిని ఒక మాట అడగండి. తనకు వానంటే ఇష్టమా, అవకలన సమీకరణాలన్నా (డిఫరెన్షియల్ ఈక్వేషన్లు) ఇష్టమేనా? ఈ చదువులో గాలి కదలికనంతా లెక్కల్లోనే పట్టుకోవాలి. మబ్బులను చూసి మురిసి చేరిన పిల్లలు అక్కడే తడబడతారు. లెక్కలు వచ్చిన పిల్లలకు మాత్రం ఇది పండగే.

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విభాగం దేశంలోని పాతవాటిలో ఒకటి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కొచ్చిన్ విశ్వవిద్యాలయం కూడా చూడండి. ఎంఎస్సీ తర్వాత గేట్ రాస్తే ఐఐటీల్లో ఎంటెక్‌కు దారి ఉంది.

భారత వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుకు ఎంఎస్సీ కూడా అక్కర్లేదు. ఫిజిక్స్‌తో బీఎస్సీ, ప్రథమ శ్రేణి మార్కులు ఉంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాయవచ్చు. అయితే 2017 తర్వాత ఆ ప్రకటన మళ్లీ 2022లో వచ్చింది. దాన్ని మాత్రమే నమ్ముకుని కూర్చోవద్దు. పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. తెల్లవారకముందే బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, కింద చిన్న పరికరం కట్టి వదలాలి. అది పైకి పోతూ పంపే ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలను రాబట్టాలి. సాయంత్రం మళ్లీ అదే పని. తుఫాను రోజుల్లో రాత్రి డ్యూటీలు తప్పవు. ఇది ముందే ఇంట్లో మాట్లాడుకోండి. 1977 ఉప్పెన మీ వైపు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని మాత్రం రోజుల ముందే చెప్పగలిగారు. ఆ తేడాలో ఇలాంటి డ్యూటీల పాత్ర కూడా ఉంది.

ప్రైవేటు రంగంలో నాకు ఎక్కువ ఆశ కనిపించేది విద్యుత్తులో. సౌర, పవన విద్యుత్ కేంద్రాలు రేపు ఎంత కరెంటు ఇస్తాయో ముందే చెప్పాలి. అంచనా బాగా తప్పితే జరిమానా పడుతుంది. పంటల బీమాలోనూ అవకాశాలున్నాయి. రెండు చోట్లా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రాకపోతే పని జరగదు. మీ అమ్మాయికి కంప్యూటర్స్ ఉండటం అందుకే కలిసొస్తుంది.

వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఉచితంగా ఇచ్చే వర్షపాత డేటాలోంచి మీ ప్రాంతపు పదేళ్ల లెక్కలు తీసి, గ్రాఫులు గీయమనండి. ఆ పనిలో పడి అన్నం వేళ మరిచిపోతే, ఎంసీఏ మాట మళ్లీ ఎత్తకండి.