వృత్తాకారమా, వర్తులమా, చక్రీయమా?

సందేహం: మాది గాజువాక. మా పొదుపు సంఘం వాళ్లం కలిసి ఆటోనగర్‌లో పాత ప్లాస్టిక్ కొని, కడిగి, కరిగించి గ్రాన్యూల్స్ (ప్లాస్టిక్ గుళికలు) తీసే చిన్న యూనిట్ నడుపుతున్నాం. కొత్త మెషిన్‌కి బ్యాంకు లోను అడగాలని ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసి, సభ్యులకి వినిపించడానికి దాన్ని తెలుగులో కూడా రాశాను. దాని కాపీ జతచేశాను. మొదటి వాక్యం ఇది: 'సాంకేతికత మరియు పెట్టుబడి వృత్తాకార ఆర్థిక వ్యవస్థకు మద్దతు ఇస్తాయి.' వినగానే మావాళ్లు 'ఏటమ్మా ఇది, బళ్లో పాఠంలాగుంది' అన్నారు. సర్క్యులర్ ఎకానమీని పత్రికల్లో ఒకచోట వృత్తాకార అనీ, ఒకచోట వర్తుల అనీ, మరోచోట చక్రీయ అనీ రాస్తున్నారు. ఏది ఒప్పు? 'పెట్టుబడి పెట్టడం' అంటే ఒకే మాట రెండుసార్లు అన్నట్టని మా అబ్బాయి వాదన, నిజమేనా? యూనిట్ బోర్డు మీద 'రీసైక్లింగ్' తీసేసి 'పునశ్చక్రీకరణ' అని రాయించాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీ సభ్యుల చెవి మంచిదమ్మా. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, అయినా అందులో ఎవరు ఏం చేస్తున్నారో తెలియడం లేదు. తెలుగు వాక్యం మనకి పరాయిగా వినిపించేది చాలాసార్లు అందుకే.

ముందు ఆ మూడు మాటలు చూద్దాం. మూడూ నిఘంటువు ప్రకారం తప్పు కావు. అయితే తెలుగు వాడుకలో 'వృత్తాకారం' అనగానే మనకి తోచేది ఆకారమే. వృత్తాకార బల్ల, వృత్తాకార భవనం అంటాం. 'వర్తులం' కూడా అంతే, గుండ్రంగా ఉన్నదని చెబుతుంది. మీరు చెప్పదలచుకున్నది గుండ్రంగా ఉన్న వ్యవస్థ గురించి కాదు కదా. వాడిన వస్తువు చెత్తకుండీ దగ్గర ఆగిపోకుండా తిరిగి ముడిసరుకుగా వచ్చే వ్యవస్థ గురించి. అంటే తిరగడం, తిరిగి రావడం ముఖ్యం. ఈ అర్థానికి తెలుగులో 'చక్రం' ఎప్పటినుంచో పనిచేస్తోంది. జలచక్రం, రుతుచక్రం బడిపిల్లలకి కూడా తెలుసు. డబ్బు లెక్కల్లోనూ ఉంది. చక్రవడ్డీ అంటే చక్రం ఆకారంలో ఉన్న వడ్డీ అని ఎవరూ అనుకోరు. వచ్చిన వడ్డీ తిరిగి అసలులో కలిసి, మళ్లీ తానే వడ్డీ తెస్తుంది. మీరు లోను అడగబోయే బ్యాంకులో ఆ మాటని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే నా ఓటు 'చక్రీయ ఆర్థిక వ్యవస్థ'కి. మిగతా రెండూ రాసేవారితో నేను తగవు పెట్టుకోను గానీ, ఒకే రిపోర్టులో మూడూ కలపవద్దు.

ఇంకో చమత్కారం ఉంది. ప్లాస్టిక్ బాటిల్ అడుగున ఒకదాన్నొకటి తరిమే మూడు బాణాల గుర్తు రోజూ మీ చేతుల్లో నలుగుతూనే ఉంటుంది. దానికి మూలమైన గుర్తుని 1970లో గ్యారీ ఆండర్సన్ అనే అమెరికన్ విద్యార్థి గీశాడు. అది త్రిభుజం, వృత్తం కానే కాదు! తిరుగుడు ఉంటే చాలు, గుండ్రంగా ఉండాలన్న నియమం లేదని ఆ గుర్తే చెబుతోంది. ఇంగ్లిష్‌లో ఈ భావానికి ఎక్కువ ప్రచారం తెచ్చినవారిలో ఎలెన్ మెకార్థర్ ఒకరు. ఆమె నావికురాలు. 2005లో ఒంటరిగా 71 రోజుల్లో పడవమీద భూమిని చుట్టివచ్చి రికార్డు కొట్టింది. ఎక్కించుకున్న సరుకే తప్ప నడిసముద్రంలో ఇంకోటి దొరకదన్న ఎరుక ఆమెని ఈ దారి పట్టించిందట. 2010లో తన పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టింది. రేవు ఊరివాళ్లం, ఈ తర్కం మనకి తొందరగానే ఎక్కాలి.

ఇక 'రీసైక్లింగ్'. పత్రికల్లో పునర్వినియోగం, పునశ్చక్రీకరణ, పునరుత్పాదకం అనే మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. ఇక్కడ మాత్రం తేడా చూసుకోవాలి, ఎందుకంటే బ్యాంకువారు చూసే లెక్కే మారిపోతుంది. వస్తువుని వస్తువుగానే మళ్లీ వాడితే పునర్వినియోగం. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న కుర్సుర సబ్‌మెరైన్‌నే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విధుల నుంచి తప్పించారు, 2002లో ఒడ్డున మ్యూజియం అయింది. దాన్ని కోసి ఇనుము కరిగించి ఉంటే అది పునశ్చక్రీకరణ అయ్యేది. కరిగించలేదు కాబట్టి పునర్వినియోగం. మీరు చేస్తున్నది కరిగించే పని, కాబట్టి మీది పునశ్చక్రీకరణ. పునరుత్పాదకం వీటితో సంబంధం లేని మాట. ఎండ, గాలి లాగా వాడినా తరగకుండా వచ్చే శక్తి గురించి చెప్పేది. కాపులుప్పాడలో చెత్తని మండించి 15 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు ఉంది. కుప్ప తగ్గుతుంది, కరెంటు వస్తుంది, మంచిదే. కానీ కాలిన ప్లాస్టిక్ తిరిగి ప్లాస్టిక్ కాదు. దాన్ని రీసైక్లింగ్ ప్లాంటు అని రాసే వార్త చదివితే నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది.

సంధి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పునః తర్వాత చ వస్తే పునశ్చ, వ వస్తే పునర్వ, అచ్చు వస్తే పునరు, పునరా వగైరా. 'పునఃప్రారంభం'లో విసర్గ అలాగే ఉంటుంది. 'పునస్తయారీ' లాంటివి వద్దు, సంస్కృతాన్నీ ఉర్దూనీ బలవంతంగా ముడివేసినట్టుంటుంది. 'మళ్లీ తయారీ' అంటే ఏం పోయింది?

మీ రిపోర్టులో నన్ను ఎక్కువ ఆపింది మాత్రం మీరు అడగని మాట. ముడిసరుకు అన్నచోట 'వ్యర్థ పదార్థాలు' అని రాశారు. వ్యర్థం అంటే పనికిరానిది. పనికిరానిదాన్ని డబ్బిచ్చి ఎందుకు కొంటున్నారని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? మన వీధుల్లో ఈ లెక్క చాలా తేటగా ఉంది. ఊడ్చిపారేసేది చెత్త. కాటా వేసి కొనేది తుక్కు. 'పాత సామాన్లు కొంటాం' అని కేకేస్తూ వచ్చే బండివాడు చెత్త ముట్టుకోడు, తుక్కు వదలడు. ఒకే బాటిల్ కొబ్బరి బొండాలతో, ఎంగిలి విస్తళ్లతో కలిసిపోతే చెత్త. విడిగా గోనెసంచిలో పడితే తుక్కు, దానికో ధర. తడి, పొడి వేరుచేయమని కార్పొరేషన్ వాళ్లు మొత్తుకునేది ఇందుకే. పంచాయతీల్లో 'చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం' అని షెడ్లమీద బోర్డులు చూసే ఉంటారు. మధ్యలో జరిగే ఏరివేతని ఆ బోర్డు మింగేసింది గానీ, 'వ్యర్థం' అనకుండా 'చెత్త' అన్నందుకు ఆ పేరు పెట్టినవారిని మెచ్చుకోవాలి.

ఉక్కు ఫ్యాక్టరీ పక్కన ఉన్నారు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము కరిగినప్పుడు పైకి తేలే మలినాన్ని ఇప్పుడు అందరం స్లాగ్ అంటున్నాం. దీనికి పాత తెలుగు మాట ఇనుప చిట్టెం. మనవాళ్లు దాన్నీ పారేయలేదు. ఏళ్లతరబడి పాతబడ్డ చిట్టేన్ని శుద్ధిచేసి, పుటం పెట్టి మండూర భస్మం చేసేవారు. ఆయుర్వేదంలో పాండురోగానికి, అంటే రక్తహీనతకి, ఇప్పటికీ ఇస్తారు. ఈనాటి చిట్టెం దారి వేరు. కుతకుతలాడే స్లాగ్‌మీద జోరుగా నీళ్లు కొడితే అది చటుక్కున చల్లారి ఇసుకలాంటి గుళికలవుతుంది. వాటిని క్లింకర్‌తో, అంటే సిమెంట్‌కి మూలమైన కాల్చిన గడ్డలతో, కలిపి మెత్తగా పొడిచేస్తే స్లాగ్ సిమెంట్. భారతీయ ప్రమాణాల ప్రకారం అందులో స్లాగ్ పాలు 25 నుంచి 70 శాతం దాకా ఉండవచ్చు. నెమ్మదిగా చల్లారనిస్తే సిమెంట్‌కి పనికొచ్చే ఆ గుణం రాదు, కంకరలా గట్టి రాయిగా మిగులుతుంది. ధర ఎక్కడ పుడుతోందో చూశారా? నీళ్లు కొట్టే ఆ క్షణంలో. మీ వాక్యంలో 'సాంకేతికత' అన్న మాట దాచేసింది సరిగ్గా ఇలాంటి పనినే.

అందుకే 'మద్దతు ఇస్తాయి' అతకలేదు. తెలుగులో మద్దతు ఇచ్చేది మనిషి, పార్టీ, సంఘం. కార్మికుల ధర్నాకి ఆటో యూనియన్ మద్దతిస్తుంది. 'మద్దతు ధర' అన్నా దాని వెనక ప్రభుత్వం ఉంది. యంత్రం మద్దతివ్వదు, పని చేస్తుంది. మరీ అవసరమైతే తోడ్పడుతుంది అనండి. మీ యూనిట్‌లో ఏం జరుగుతుందో అది రాస్తే ఇంకా మేలు. ముక్కలు చేసిన నీళ్ల బాటిళ్లని తొట్టిలో పోస్తే బాటిల్ ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. బాటిల్ చేసే పెట్ నీటికంటే బరువు. మూతలకి వాడే పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక. ఇదీ సాంకేతికతే, కరెంటు కూడా అక్కర్లేనిది. కానీ పీవీసీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ కూడా పెట్‌లాగే మునుగుతుంది. అది కాస్త కలిసినా కరిగించేటప్పుడు ఆమ్లం పుట్టి సరుకంతా పాడవుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. పరారుణ కాంతితో రకం గుర్తుపట్టి వేరుచేసే మెషిన్లు వచ్చింది ఇలాంటి చోటికే. మీరు కొనాలనుకుంటున్నది అలాంటిదైతే ఈ నాలుగు వాక్యాలే రాయండి. సాంకేతికత, సాంకేతిక పరిజ్ఞానం, టెక్నాలజీ అన్న మాటల్లో ఏది వాడినా ఇబ్బంది లేదు.

పెట్టుబడికి వద్దాం. మీ అబ్బాయికి చెప్పండి, 'పెట్టుబడి పెట్టడం'లో దోషం లేదు. పాట పాడతాం, ఆట ఆడతాం, పంట పండిస్తాం. క్రియ నుంచి పుట్టిన పేరు మళ్లీ అదే క్రియకి కర్మగా రావడం తెలుగుకి సహజం. పెట్టేది పెట్టుబడి, వచ్చేది రాబడి, పొలం నుంచి దిగేది దిగుబడి. ఇంత పొందికైన వరస ఉండగా 'ఇన్వెస్ట్ చేయడం' అనేవారిని నేను తప్పు పట్టను, జాలిపడతాను. చిక్కల్లా 'పెట్టుబడిదారు'తో వస్తుంది. 2023 మార్చిలో విశాఖలో జరిగిన ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సులో ఆ మాట గౌరవవాచకం. ఇదే ఊళ్లో యూనియన్ గోడరాతల్లో అది తిట్టు. షేర్లు కొనేవారిని 'మదుపరి' అంటున్నారు, బాగుంది. మీ సంఘం సభ్యులకి ఈ రెండూ కాకుండా 'వాటాదారులు' సరిపోతుంది.

మీ రిపోర్టులో ఇంకో పడికట్టు మాట ఉంది: 'విస్తరించిన ఉత్పత్తిదారు బాధ్యత'. చదివితే ఉత్పత్తిదారు ఎవరో ఒళ్లు చేశాడనిపిస్తుంది. తెలుగులో విశేషణం తన పక్కనున్న మాటని పట్టుకుంటుంది, దాన్ని దాటి వెళ్లదు. 'ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత' అంటే కొంత నయం. 'అమ్మిన తర్వాత కూడా తయారీదారుదే బాధ్యత' అంటే మీ సభ్యులందరికీ తెలుస్తుంది. ఈ అంశాన్ని మాత్రం కుదించకండి, మీ రాబడి ఇందులోనే ఉంది. క్రూడాయిల్ ధర పడితే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, అప్పుడు మీ గ్రాన్యూల్స్ అడిగేవారు తగ్గుతారు. పైగా తుక్కు నగదుకి కొనాలి, సరుకు అరువుకి అమ్మాలి. ఈ టెన్షన్‌ని కొంత తగ్గించేదే ఆ బాధ్యత. 2016 ప్లాస్టిక్ నిబంధనలకి 2022లో చేర్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్యాకింగ్ ప్లాస్టిక్ మార్కెట్లోకి వదిలే కంపెనీలు అంత మేరకు రీసైక్లింగ్ జరిగినట్టు సర్టిఫికెట్లు చూపాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ ద్వారా రాష్ట్ర మండలి దగ్గర రిజిస్టరైన రీసైక్లింగ్ యూనిట్లు ఆ సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైకిల్ చేసిన సరుకు 2025-26కి 30 శాతం, 2028-29కి 60 శాతం ఉండాలని కూడా అందులోనే లక్ష్యాలు పెట్టారు. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే రిపోర్టు మొదటి పేజీలోనే చెప్పండి. లేకపోతే మెషిన్ కంటే ముందు అది చూసుకోండి, ఇది భాష దాటిన సలహా అయినా సరే.

'మరియు' కొట్టేయండి. రెండు మాటల చివర్లనీ సాగదీస్తే చాలు, 'మెషిన్‌కీ తుక్కుకీ'.

ఇప్పుడు మీ మొదటి వాక్యం బదులు ఇలా మొదలుపెట్టి చూడండి:

'ఇళ్ల నుంచీ దుకాణాల నుంచీ వచ్చే ప్లాస్టిక్ తుక్కుని కొంటాం. రకాలవారీగా ఏరి, కడిగి, కరిగించి గ్రాన్యూల్స్ చేసి మళ్లీ ఫ్యాక్టరీలకే అమ్ముతాం. వాడేసిన సరుకు ఇలా తిరిగి ముడిసరుకు కావడమే చక్రీయ ఆర్థిక వ్యవస్థ. ఇప్పుడు చేత్తో ఏరుతున్నాం కాబట్టి కల్తీ మిగిలిపోయి ధర తగ్గుతోంది. మెషిన్ వస్తే కల్తీ తగ్గుతుంది. మెషిన్‌కీ తుక్కు కొనడానికీ కలిపి ఇంత పెట్టుబడి కావాలి.'

ఆ 'ఇంత' దగ్గర అంకె వేయండి. ఇది వినిపిస్తే మీ సభ్యులే రెండు వాక్యాలు చేరుస్తారు, వాటిని దిద్దకుండా ఉంచేయండి.

బోర్డు మార్చకండి. తుక్కు వేసుకొచ్చే ఆటోవాడికీ, సరుకు ఎత్తే లారీ క్లీనర్‌కీ 'రీసైక్లింగ్' తెలుసు. వాళ్లు 'పునశ్చక్రీకరణ' కూడబలుక్కునే లోపు బండి మీ గేటు దాటిపోతుంది. ఆ బోర్డు కింద 'పాత ప్లాస్టిక్ కొనబడును' అని గనక ఉంటే, దాన్ని మాత్రం 'కొంటాం' అని మార్పించండి.