అమ్మడూ, వాక్యం చివరిదాకా విను

చిరంజీవి అమ్మడుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నర్సు ఉద్యోగానికి జర్మనీ వెళ్లదలచి, హైదరాబాదులో జర్మన్ తరగతులలో చేరావని మీ నాన్న ఫోనులో చెప్పిన పూట నా కాళ్లు నేల మీద నిలవలేదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడి చలికి స్వెట్టర్లున్నాయి, ఆకలికి ఆవకాయ ఉంది. నా దిగులంతా ఆ భాషలో వాక్యం నడిచే తీరు గురించే.

మామూలు వాక్యంలో క్రియది రెండవ స్థానం. రెండవ మాట కాదు, రెండవ స్థానం. ‘హొయ్‌టె ఆబెంట్ లెర్నె ఇష్ డొయ్‌చ్’ అన్నప్పుడు ‘ఈ సాయంత్రం’ అనే రెండు మాటలూ కలిసి ఒకే స్థానం, వెంటనే ‘లెర్నె’ (నేర్చుకుంటాను) అనే క్రియ, ‘ఇష్’ (నేను) అనే కర్త ఆ తరువాతే. నువ్వు ఇంగ్లీషును తలలో పెట్టుకుని ‘హొయ్‌టె ఆబెంట్ ఇష్ లెర్నె’ అంటున్నావని మీ నాన్న మాటలను బట్టి గ్రహించాను. ఆ ఇంగ్లీషును తరగతి గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి వెళ్లు. అవునా కాదా అనే ప్రశ్నలో క్రియ మొదటికి వస్తుంది.

నీకు తోడు వచ్చేది తెలుగే. ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’ అనేదాన్ని మాటకు మాట పెట్టి చూడు: ఎందుకంటే, నేను, జబ్బుగా, ఉన్నాను. ‘వైల్’ (ఎందుకంటే), ‘దస్’ (మన ‘అని’ లాంటిది) వంటి మాటలు ముందుంటే క్రియ మన క్రియలాగే చివర కూర్చుంటుంది. ‘డెన్’ అన్నా కారణమే గాని, దాని తరువాత క్రియ రెండవ స్థానం వదలదు. ‘రేపు రైల్లో కొలోన్‌కు’ అని మనం కాలం, విధం, చోటు చెప్పే వరుసే వారికీ సహజం.

ఇక అసలు సంగతి. 1988లో జర్మనీలోని రూర్ ప్రాంతంలో, లోహం కరిగించి పోత పోసే ఒక ఫౌండ్రీలో పనికి కుదిరిన మూడవ నెలలో, షిఫ్టు ముగిసే వేళ మా మేస్త్రీ నా దగ్గరకు వచ్చి ‘షాల్టెన్ జీ డీ పుంపె హొయ్‌టె ఆబెంట్ బిట్టె నిష్ట్ ఔస్’ అన్నాడు. కొలిమిని చల్లబరిచే నీటి పంపు గురించి ఆ మాట. స్విచ్చి తిప్పడమనే ‘షాల్టెన్’ వినబడింది, పంపు వినబడింది, ఈ సాయంత్రం అనీ వినబడింది. అంతలో నెత్తి మీదుగా క్రేను మోతతో సాగిపోయింది. అర్థం కాలేదంటే చులకన అవుతానని, ‘యా, యా’ అని తల ఊపాను. ఆ భాషలో కొన్ని క్రియలు రెండుగా విడిపోయి, ఒక ముక్క రెండవ స్థానంలోనో మొదటనో ఉండగా రెండవ ముక్క వాక్యం కొసకు పోతుంది. ఆ కొస ముక్క ‘ఐన్’ అయితే వేయమని, ‘ఔస్’ అయితే ఆపమని. దాని ముందు ‘నిష్ట్’ ఉంటే వద్దని. నాకు వినబడనివి సరిగ్గా ఆ రెండు మాటలే. నేను పంపు కట్టేసి బసకు వెళ్లి హాయిగా నిద్రపోయాను. తెల్లవారేసరికి కొలిమి చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలు కమిలి, ఆ వాసన గేటు దాకా వస్తోంది. మేస్త్రీ కేకలు వేయలేదు. కమిలిన గొట్టం ముక్క నా చేతిలో పెట్టి, అదే వాక్యాన్ని నెమ్మదిగా మళ్లీ చెప్పి, ‘ఔస్’ దగ్గర ఆగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ‘ఆపకు’ అనే మాటలోనూ వద్దన్న సంగతి కొసనే ఉంటుంది కదా, తెలుగువాడినై ఉండి కొస కోసం ఎందుకు ఆగలేకపోయానా అని ఇప్పటికీ అనుకుంటాను.

నాది గొట్టాలతో పోయింది, తల్లీ. నీ చేతిలో ఉండేది మనుషులు. ‘గేబెన్ జీ ఇహ్మ్ డీ టబ్లెట్టె హొయ్‌టె నిష్ట్’ అని, అంటే ఆ మాత్ర ఇవాళ అతనికి ఇవ్వవద్దని, డాక్టరు అన్నప్పుడు, ‘హొయ్‌టె’ దగ్గరే నీ చెయ్యి మందు డబ్బా మీదకు పోతే ఏమవుతుందో తలచుకుంటే నా ఒళ్లు జలదరిస్తుంది. వినబడకపోతే ‘అల్జో నిష్ట్ గేబెన్?’ (అయితే ఇవ్వవద్దా?) అని అక్కడికక్కడే తిరిగి అడుగు. చిన్నప్పుడు వంద ప్రశ్నలతో నన్ను విసిగించిన పిల్లవు, అక్కడికి వెళ్లి మొహమాటపడ్డావంటే ఊరుకోను.

నర్సులకు సాధారణంగా భాషలో బీ2 అనే, మధ్యస్థానికి పైబడిన స్థాయి అడుగుతారు కనుక ఇంకా చాలా దూరం ఉంది. ప్రతి ఆదివారం పది వాక్యాలు జర్మన్‌లో వ్రాసి నాకు పంపు, ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. వాటిలో సగమైనా కొసన విడిపోయే క్రియలతో ఉండాలి.

ఇట్లు,
మీ పెదనాన్న